అడుగున పెట్టిన చీటీ

సభ మూడింటికైతే చీటీలావిడ ఒంటిగంటకే హాలు తెరిపించింది. ముందు నీళ్ళ పని. పదిహేడు మంది కౌన్సిలర్లకు పదిహేడు గ్లాసులు నింపి మూతలు పెట్టింది. అధ్యక్షుడి కుర్చీ ముందు మాత్రం ఫ్లాస్కు ఉంచింది. ఆయనకు చన్నీళ్ళు పడవు, గొంతు పట్టేస్తుంది. తరవాత మైకుల తలలు తడిగుడ్డతో తుడిచి, వాటి తీగలు ఎవరి కాళ్ళకూ తగలకుండా పక్కకు జరిపి, అప్పుడు వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది.

ఆ బల్ల వేదిక మీదా కాదు, నేల మీదా కాదు. రెండిటికీ నడుమ మెట్టు మీద, బడిపిల్లల బల్లంత ఉంటుంది. దాని మీద ఒక గంట, ఒక గడియారం, కుడి బొటనవేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు, చీటీల కట్ట. పదకొండేళ్ళుగా ఆమె కాపురమంతా అక్కడే అనుకోవచ్చు. పేరుతో పిలిచేవాళ్ళు ఆ పురపాలక కార్యాలయంలో ఎవరూ మిగల్లేదు. కౌన్సిలర్లకు ఆమె చీటీలావిడ, బంట్రోతుకు అక్క, అధ్యక్షుడికి చెల్లెమ్మ.

ఆ ఊరి పద్ధతి ఏమిటంటే, సభలో మాట్లాడదలచిన వాళ్ళెవరైనా సరే మూడు గంటల లోపు వచ్చి, పసుపుపచ్చ చీటీ మీద పేరూ విషయమూ రాసి ఆమె చేతికివ్వాలి. ఆమె ఒక్కొక్క పేరే పిలుస్తుంది. మనిషికి మూడు నిమిషాలు. మూడో నిమిషం నిండగానే గంట. ఆ మాటకు కౌన్సిలర్లు చెప్పుకునే జవాబులకు మాత్రం గంటా లేదు, లెక్కా లేదు. ఆరు కొట్టేసరికి ఎవరి చీటీలు మిగిలిపోతే వాళ్ళ మాటలు కడుపులోనే మిగిలిపోతాయి. ఏ వరసలో పిలవాలో రూళ్ళ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. రాసినదాని కంటే రాయనిదే గట్టిగా నడుస్తుందని నాలుగు రోజులు ఉద్యోగం చేసినవాళ్ళెవరికైనా తెలుసు.

ఆమె చేరిన మొదటి నెలలో అధ్యక్షుడు ఆ బల్ల పక్కన ఆగి, కట్టలోంచి ఒక చీటీ లాగి అడుగున పెట్టి, "ఈయన నెమ్మది మనిషి చెల్లెమ్మా, ఆఖర్న అయితే తీరిగ్గా మాట్లాడుకుంటాడు" అన్నాడు. ఆ నెమ్మది మనిషికి ఆ రోజు వంతే రాలేదు. రెండోసారి ఆయన చెయ్యి పెట్టలేదు, కట్ట వైపు చూసి నవ్వాడంతే. మూడోసారి చూడనూ లేదు. చూడాల్సిన పని లేకుండా ఆమే నేర్చేసుకుంది. కూరలో ఉప్పెంత వేయాలో చేతికి తెలిసినట్టు, మనిషి మొహం చూడగానే ఆ చీటీ ఎక్కడికి పోవాలో ఆమె బొటనవేలికి తెలిసిపోయేది.

ఒకటిన్నరకే మొదటి మనిషి వచ్చింది. ఎప్పుడూ ఆవిడే మొదట వస్తుంది. మూడో వరసలో నడవా పక్క కుర్చీ ఆవిడది. అందుకని బంట్రోతు ఆవిడకు మూడో వరసావిడ అని పేరు పెట్టాడు. ఆసుపత్రి బట్టల గదిలో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు ఉతికిన చేతులు. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి, కలం పట్టుకుంటే రోకలి పట్టుకున్నట్టుంటుంది. ఆసుపత్రి గేటు ముందు ఆగే బస్సును తీసుకెళ్ళి బజారు ముందు ఆపారని, కాలు విరిగినవాడు కూడా అర మైలు కుంటుకుంటూ రావాల్సి వస్తోందని చెప్పడానికి, నెలనెలా ఆఖరి శుక్రవారం జరిగే జనం సభకు మూడేళ్ళుగా వస్తూనే ఉంది. మొదట్లో విషయం అన్నచోట "ఆసుపత్రి ముందు బస్సు ఆగే చోటు" అని నిండుగా రాసేది. తరవాత తరవాత "బస్సు" అంది. ఈ మధ్య "అదే" అని రాసి ఊరుకుంటోంది.

ఇవాళ మాత్రం "అధ్యక్షుల వారి గడువు" అని రాసింది.

ఇవాళ్టి సభ మామూలుది కాదు మరి. ఎవరైనా సరే రెండు విడతలకు, అంటే ఎనిమిదేళ్ళకు మించి అధ్యక్ష పదవిలో ఉండకూడదని కళ్ళద్దాల దుకాణం నడిపే కౌన్సిలరు ఒక తీర్మానం తెచ్చాడు. ఇప్పటి అధ్యక్షుడిది నాలుగో విడత. అయిదోదానికి గోడల మీద రంగులు పడుతున్నాయి. మంగళ, బుధ, గురువారాలు జనం మాట వినడం, శుక్రవారం పొద్దున కౌన్సిలర్లు చేతులెత్తడం అని నిర్ణయమైంది. ఈ మూడు రోజులకూ చీటీ మీద కొత్తగా రెండు గళ్ళు వేయించారు, అనుకూలం, వ్యతిరేకం అని.

"ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలమ్మా" అంది చీటీలావిడ.

"మాట్లాడాక పెడతాను."

"ముందే పెట్టాలి."

"మాట్లాడకముందే నా మనసులో ఏముందో మీకెలా తెలుస్తుందమ్మా? తెలిస్తే ఇక మాట్లాడటం ఎందుకు?" అని మూడో వరసావిడ రెండు గళ్ళూ ఖాళీగానే వదిలేసి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

చీటీలావిడ బొటనవేలు ఆ చీటీని అడుక్కు తోసింది. ఇటో అటో తేలనిది కూడా అడుక్కే.

మూడింటికి హాలు నిండిపోయింది. మొదట రొట్టెల దుకాణం ఆయన లేచి, "చేతికి అలవాటైన గరిటెను ఎనిమిదేళ్ళయిందని పారేస్తామా?" అన్నాడు. జనం నవ్వారు. మధ్యలో ఎక్కడో ఒక నర్సమ్మకు వంతొచ్చింది. "ఆయన గరిటె కాదండీ, పొయ్యి మీద పాలు. దించే వేళకు దించకపోతే పొంగి పొయ్యి ఆరిపోతుంది" అంది. జనం ఇంకా గట్టిగా నవ్వారు. అధ్యక్షుడు అందరి కంటే గట్టిగా నవ్వాడు. ఆయనకు నవ్వడం తెలుసు. దానితోనే నాలుగు విడతలు గెలిచాడు.

కళ్ళద్దాల కౌన్సిలరు తన వంతుకు లేచి, "నేను ఎవరికి అద్దాలమ్మినా రెండేళ్ళకోసారి వచ్చి కళ్ళు చూపించుకోమంటాను. అద్దం చెడిపోయిందని కాదు, కన్ను మారుతుందని" అన్నాడు.

"నా అద్దాలు నీ దుకాణంలోవే కదయ్యా! ఇప్పుడు బాగా కనబడుతోంది, నువ్వెక్కడ కూర్చోవాలనుకుంటున్నావో!" అన్నాడు అధ్యక్షుడు. హాలు హాలంతా గొల్లుమంది.

ఆరయింది. చీటీలావిడ గంట రెండుసార్లు కొట్టి, "సమయం మించిపోయింది" అంది. ముప్ఫై ఒక్క చీటీలకు పదిహేడే అయ్యాయి. మూడో వరసావిడ తన ఒళ్ళో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, బల్ల పక్కనుంచి వెళ్తూ, "పోనీలెండి, రేపుందిగా" అంది. ఆ మాటలో ఎక్కడా ముల్లు లేదు. ముల్లుంటే బాగుండేదనిపించింది చీటీలావిడకు.

వేదిక దిగుతూ అధ్యక్షుడు విలేకరులతో, "చూశారుగా, పదిహేడు మందిలో పద్నాలుగు మంది ఉండమనే అన్నారు. ఇది నా మాట కాదు, జనం మాట" అన్నాడు.

హాలు ఖాళీ అయ్యాక ఆమె మిగిలిపోయిన పద్నాలుగు చీటీలనూ సొరుగులో వేయబోయి, ఎందుకో గళ్ళు చూసింది. ఒకటి ఖాళీ. పదమూడు "అనుకూలం". అంటే ఆయన దిగిపోవాలనే. తను లెక్క పెట్టి చేసింది కాదు, బొటనవేలు చేసుకుపోయింది. పిలిచినవీ పిలవనివీ పక్కపక్కన పెట్టి చూస్తే జనం చీలినట్టుగా లేదు, తనే చీల్చినట్టుగా ఉంది. ఆ తొడుగు తీసి చూసుకుంటే లోపల వేలు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉంది.

ఆ సాయంత్రం ఆమె గిన్నెలోనే తింటూ ఉండగా పక్క ఊళ్ళో ఉండే వాళ్ళ అక్క ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"తింటున్నా."

"నమిలే చప్పుడే లేదు?"

"నీతో మాట్లాడుతూ ఎలా నమలనే?"

"అబ్బో, మాట్లాడటం కూడా వచ్చిందే నీకు! అసలక్కడ నీకు మాట్లాడే మనుషులున్నారా?"

"ఇవాళ పదిహేడు మంది మాట్లాడారు నా ముందు."

"నీ ముందు మాట్లాడితే ఏంటి, నీతో మాట్లాడిందెవరు?"

"మా అధ్యక్షుడు గారు రోజూ అడుగుతారు, తిన్నావా చెల్లెమ్మా అని."

"అడిగి? తినలేదు అంటే ఏం చేస్తాడట?"

ఆమె ఎప్పుడూ తినలేదు అని చెప్పి చూడలేదు. "నీకు అన్నిటికీ వంకరే" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. కుళాయి కింద గిన్నె పెట్టి నీళ్ళు కాసేపు ఊరికే వదిలింది, చప్పుడుకు.

బుధవారం పొద్దున అధ్యక్షుడు హాల్లోకి వచ్చి దగ్గు బిళ్ళల పొట్లం ఒకటి ఆమె బల్ల మీద పెట్టాడు. "నిన్న గంట కొట్టేటప్పుడు దగ్గుతున్నావ్. చప్పరించు" అన్నాడు. అంతే. చీటీల మాట ఎత్తలేదు. ఆమె ఒక బిళ్ళ నోట్లో వేసుకుంది. రాత్రంతా మేలుకుని కూడగట్టుకున్న ధైర్యం కాస్తా ఆ బిళ్ళల్లాగే కరిగిపోయింది. మధ్యాహ్నం మూడో వరసావిడ చీటీ మళ్ళీ అడుక్కే పోయింది.

ఆ రోజూ పదిహేడే అయ్యాయి. ఆరు దాటాక ఆమె గ్లాసులు ఎత్తుతుంటే అధ్యక్షుడు ఇంకా కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఫ్లాస్కు మూతలో గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని తాగుతూ, ఖాళీ కుర్చీల వైపు చూస్తున్నాడు.

"ఇంటికెళ్ళరాండీ?" అంది.

"వెళ్ళి ఏం చేయాలి చెల్లెమ్మా? ఇక్కడైతే నేను మాట్లాడితే ఇంతమంది వింటారు. అక్కడ మా ఆవిడ టీవీ చప్పుడు పెంచుతుంది" అని నవ్వాడు. ఈసారి నవ్వడానికి హాల్లో ఇంకెవరూ లేరు గనక ఆ నవ్వు ఎక్కువ దూరం పోలేదు. "నువ్వున్నావు కాబట్టి నాకు బెంగ లేదు" అన్నాడు లేస్తూ.

ఆమె గ్లాసులు వదిలేసి బయటికి వచ్చింది. మెట్ల దగ్గర మూడో వరసావిడ కట్టు వదులైన చెప్పు సరిచేసుకుంటోంది. చీటీలావిడ ఇల్లు అటు, బస్సు ఆగే చోటు ఇటు. ఆమె కాళ్ళు మాత్రం ఇటే నడిచాయి.

"నువ్వెప్పుడూ ఇటు రావుగా?" అంది మూడో వరసావిడ.

"ఊరికే, గాలికి."

"బజారు దుమ్ముకా?"

ఇద్దరూ నడిచారు. ఆవిడ నాలుగడుగులకోసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఏదో దుకాణం చూస్తున్నట్టు నటిస్తోంది. ఇనప సామాన్ల కొట్టు కూడా అంత శ్రద్ధగా చూసిందంటే అర్థం చేసుకోవచ్చు.

"మిమ్మల్ని ఏమని పిలవాలండీ?" అంది చీటీలావిడ. చీటీ మీద పేరు చూసి అడుక్కు తోయడమే గాని, మనిషిని ఎదురుగా పెట్టుకుని ఎప్పుడూ పిలవలేదు.

"వదినా అను. నీకూ మొగుడు లేడు, నాకూ లేడు. ఎవరి వైపు వదినో అడిగేవాళ్ళెవరూ లేరు."

చీటీలావిడ నవ్వేసింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు, మొదట దగ్గులాగా వచ్చింది.

"ఇన్నిసార్లు వస్తారు కదా వదినా, విసుగు రాదా?"

"వస్తుంది. ఇంట్లో కూర్చున్నా వస్తుంది. ఇక్కడ విసుక్కుంటే పది మంది మధ్య విసుక్కున్నట్టుంటుంది." ఆవిడ ఆగి ఈసారి దుకాణం వైపు చూడలేదు. "గోడకు చెబితే గోడ వింటుంది, కాదనను. కానీ మైకులో చెబితే పుస్తకంలో రాస్తారు కదా. రాసుంటే రేపు నేను లేకపోయినా ఎవరో ఒకరు చదువుతారు."

బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కడానికి ఉబ్బిన వేళ్ళతో కమ్మీ పట్టుకుంటే చీటీలావిడ వెనక నుంచి మోచెయ్యి ఆనించింది. బస్సు కదిలాక ఒక్కతే వెనక్కు నడుస్తూ, ఆవిడకు నా పని సంగతి తెలియదు, తెలిస్తే వదినా అనమనేది కాదు అనుకుంది. ఆ దారంతా అదే అనుకుంది.

గురువారం ఆఖరి రోజు. ఆమె తొడుగు తొడుక్కోలేదు. ఎవరిచ్చిన చీటీని వాళ్ళిచ్చిన వరసలోనే ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటూ పోయింది. ఒకటిన్నరకు వచ్చిన మొదటి మనిషి చీటీ పైనే ఉండిపోయింది.

మైకు ఎత్తు సరిచేస్తున్న బంట్రోతు వచ్చి తొంగి చూశాడు. "అక్కా, కట్ట తిరగబడినట్టుందే?"

"లేదు. సరిగ్గానే ఉంది."

"పెద్దాయన చూస్తే?"

"చూడనీ."

"నువ్వు దగ్గు బిళ్ళ ఎక్కువేసుకున్నట్టున్నావక్కా" అని గొణుక్కుంటూ పోయాడు.

మూడు కొట్టింది. ఆమె పైచీటీ తీసి ఆ పేరు చదివింది. వేదిక మీద అధ్యక్షుడు తల తిప్పి ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు, అలవాటైన మెట్టు చీకట్లో కాలికి తగలకపోతే చూసుకుంటామే, అలా.

మూడో వరసావిడ వెంటనే లేవలేదు. తన పేరేనా అని పక్కాయన్ని అడిగింది. అవునన్నాక లేచి, సంచి కుర్చీలో పెట్టి, నడవా అంతా నడిచి వచ్చింది. బంట్రోతు మైకు కిందికి వంచాడు. చీటీలావిడ గడియారం నొక్కింది. ఒక మంచి పని చేశానన్న వెచ్చదనం ఆమె గుండెల్లో కాస్త కాస్తగా పాకుతోంది.

"నేను కాగితం మీద బస్సు గురించి రాసుకొచ్చాను" అంది మూడో వరసావిడ. "అది పక్కన పెడతాను. మూడు రోజులుగా మీరంతా ఆ పెద్ద కుర్చీ గురించే మాట్లాడారు. ఎన్నేళ్ళు కూర్చోవచ్చు, ఎన్నేళ్ళు కూర్చోకూడదు అని. ఆ చిన్న బల్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు."

ఉబ్బిన వేలు మెట్టు మీది బల్ల వైపు తిరిగింది.

"నేను ముప్ఫై నాలుగుసార్లు చీటీ ఇచ్చాను, ఈ మూడు రోజులతో కలిపి. ముప్ఫై మూడుసార్లు నాది అడుక్కు పోయింది. నేను మూడో వరసలో కూర్చునేది ఎందుకనుకున్నారు? అక్కణ్ణుంచి ఆ బల్ల బాగా కనబడుతుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నిన్న నా వెంట బస్సు దాకా వచ్చింది, చెయ్యి సాయం చేసింది. ఇవాళ నా చీటీ పైన పెట్టింది. పెట్టినందుకు సంతోషమే. కానీ కింద పెట్టిందీ ఆ చెయ్యే, పైన పెట్టిందీ ఆ చెయ్యే. ఆవిడకు జాలేస్తే నాకు నోరుంటుంది, జాలేయకపోతే ఉండదు. ఇదేం పద్ధతి? రేపు ఈయన పోయి ఇంకొకాయన వస్తాడనుకోండి. ఆయనా ఈవిణ్ణి చెల్లెమ్మా అంటాడు. ఈవిడ ఆయనకూ చెల్లెలే అవుతుంది."

హాల్లో నవ్వు లేచింది. ముందు వరసలో మొదలై వెనక గోడ దాకా పోయింది. చీటీలావిడ గడియారం వైపే చూస్తోంది. మూడు నిమిషాలు దాటి ముల్లు ఇంకా ముందుకు పోతోంది. ఆమె చెయ్యి లేవలేదు.

"మూడు అయిపోయుంటాయి, గంట కొట్టమ్మా" అంది మూడో వరసావిడ మెల్లగా. "నాకెందుకు ఎక్కువ?"

ఆమె కొట్టింది.

"అంతా బాగుంది గాని, మీ గళ్ళు ఖాళీగా ఉన్నాయట. మీరు అనుకూలమా, వ్యతిరేకమా?" అని అధ్యక్షుడు నవ్వుతూ అడిగాడు.

"మీరు లేవడానికి అనుకూలమేనండీ. అది ఒక్కటే చాలదంటున్నాను."

ఆవిడ వెళ్ళి తన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అధ్యక్షుడు మైకు దగ్గరకు లాక్కుని, "చీటీలావిడ గారూ, తరవాతి పేరు పిలవండి" అన్నాడు.

పదకొండేళ్ళలో ఆయన నోట ఆ మాట ఆమె మొదటిసారి విన్నది. తరవాతి పేరు పిలిచింది. దాని తరవాతిది పిలిచింది. ఆరింటి దాకా వచ్చిన వరసలోనే పిలుస్తూ పోయింది. ఎవరు ఏం మాట్లాడారో మాత్రం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

శుక్రవారం పొద్దున హాల్లో కౌన్సిలర్లే ఉన్నారు. అధ్యక్షుడు లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"నిన్న ఒక పెద్దావిడ చెప్పిన మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. నిజమే. ఒకే చోట, ఒకే చేతిలో, ఏళ్ళ తరబడి అధికారం ఉండకూడదు. ఎంత మంచివాళ్ళయినా పాడవుతారు. అందుకని నేనే ఒక తీర్మానం పెడుతున్నాను. ఇకనుంచి చీటీలు డబ్బాలో వేసి, చేతికి ఏది తగిలితే అది తీయాలి. ఆ బల్ల దగ్గర ఎవరూ రెండేళ్ళకు మించి కూర్చోకూడదు."

పదిహేడు చేతులూ లేచాయి. కళ్ళద్దాల కౌన్సిలరు చెయ్యి ఆఖర్న లేచింది, కానీ లేచింది.

తరవాత అసలు తీర్మానం వచ్చింది. ఇది లోతైన విషయం, తొందరపడకూడదు, ఉపసంఘం వేసి చూద్దామని ఎవరో అన్నారు. పది మంది సరేనన్నారు, ఏడుగురు వద్దన్నారు. ఉపసంఘంలో ఎవరుండాలో అధ్యక్షుడే చెబుతాడు. గంటన్నరలో అంతా అయిపోయింది. ఆ ఊళ్ళో గడువంటూ ఒకరికి పడింది, అది చీటీలావిడకు. సోమవారం నుంచి ఆమెను కింది అంతస్తులో జనన మరణాల రిజిస్టర్ల గదికి వేస్తూ కాగితం పన్నెండింటికల్లా చేతికిచ్చారు.

కళ్ళద్దాల కౌన్సిలరు మెట్ల దగ్గర ఆగాడు. "చెయ్యెత్తకుండా ఉండలేకపోయానండీ. మాట న్యాయమైనదే కదా."

"న్యాయమైనదే లెండి" అంది ఆమె. "దాన్ని తెచ్చి పెట్టిన బల్లే కొంచెం పొట్టిది."

ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు నెలలో ఆఖరి శుక్రవారం. మధ్యాహ్నం మూడింటికి జనం సభ. బల్ల దగ్గర బంట్రోతు కూర్చున్నాడు. ముందు రేకు డబ్బా ఒకటి పెట్టారు. ఆమె తన సొరుగు ఖాళీ చేసుకుని, దువ్వెనా కళ్ళజోడూ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. సోమవారం దాకా ఆమెకు పని లేదు. గుమ్మం దాకా వెళ్ళింది కూడా. ఇంట్లో ఏం చేయాలో ఆలోచించి, ఏమీ తోచక, వెనక్కు వచ్చి, ఒక పసుపుపచ్చ చీటీ అడిగి తీసుకుంది.

వేల పేర్లు చదివింది గాని ఆ చీటీ మీద తన పేరు ఎప్పుడూ రాయలేదు. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అని ఒక్క క్షణం తడుముకుంది. డబ్బాలో వేసి, జనంలోకి వెళ్ళింది.

మూడో వరసావిడ పక్క కుర్చీలోంచి సంచి తీసి కింద పెట్టింది.

"నేనన్న మాట తిరిగి తిరిగి నీ నెత్తినే పడింది" అంది. "అలా అవుతుందనుకోలేదే తల్లీ."

"పడాల్సిన మాటే వదినా."

"పడాల్సిందే. కానీ నీ ఒక్కదాని మీదే పడాల్సింది కాదు."

అక్కణ్ణుంచి చూస్తే హాలు వేరేగా ఉంది. వేదిక మీద మొహాలు చిన్నవిగా, మైకుల వెనక సగం సగం కనబడుతున్నాయి. బల్ల మాత్రం నిజంగానే బాగా కనబడుతోంది. బంట్రోతు చెమట తుడుచుకోవడం కూడా కనబడుతోంది.

అయిదో చీటీ ఆమెది. బంట్రోతు పేరు పలకబోయి, నోరు తిరగక, చివరికి "మా అక్క" అనేశాడు. జనం నవ్వారు. ఆమె లేచి వెళ్ళి మైకు ముందు నిలబడింది. రోజూ తుడిచే మైకే. ఇంత దగ్గరగా పెట్టుకుంటే ఇనుము వాసన వస్తుందని ఆమెకు తెలియదు.

"చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ.

"అన్నయ్యా" అంది.

ఆయన చేతిలో కాగితాలు ఆగాయి. ఎవరో నవ్వబోయి నవ్వలేదు.

"మీరు నన్ను చెల్లెమ్మా అన్నారు. పదకొండేళ్ళలో నేను మిమ్మల్ని ఒక్కసారీ అన్నయ్యా అనలేదు. అండీ అన్నాను. అన్నయ్యా అనుంటే చెప్పాల్సినవి ఎప్పుడో చెప్పేదాన్ని. ఆ చీటీలు కింద పెట్టమని మీరు నోటితో అనలేదు. నేనే పెట్టాను. అందుకు ఇక్కడున్న వాళ్ళందరికీ తప్పయిపోయింది అంటున్నాను. నన్ను లేపారు, మంచి పని చేశారు. మీరూ లేవండి. ఉపసంఘాలు వద్దు, ఎవరో ఓడించి లేపే దాకా వద్దు. మీ అంతట మీరే లేవండి."

ఊపిరి తీసుకుంది.

"ఇంటికెళ్ళి ఏం చేయాలంటారు. నిజమే, ఏం చేయాలో తెలియదు. నాకూ తెలియదు. ఇందాక గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు వచ్చాను. మెల్లిగా నేర్చుకుందాం."

అధ్యక్షుడు ఫ్లాస్కు మూత తిప్పాడు. తిప్పి, నీళ్ళు పోసుకోవడం మర్చిపోయి దాన్ని చేతిలోనే పట్టుకున్నాడు. ఆయన ఆమె వైపు చూడలేదు. నవ్వనూ లేదు.

"అయిపోయిందా?" అన్నాడు మూత వైపే చూస్తూ.

ఆమె గడియారం వైపు చూసింది. నిమిషమున్నర కూడా కాలేదు.

"మాటలు అయిపోయాయి" అంది. "సమయం ఇంకా ఉంది."

అది ఆమె సమయం. బంట్రోతు గంట మీద చెయ్యి పెట్టి, గడియారం చూసి, చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఆమె మైకు ముందు నుంచి కదలకుండా, చేతులు రెండూ పక్కన వదిలేసి, మూడో నిమిషం నిండే దాకా అలా నిలబడే ఉంది.